సెలీనియం గల ప్రోటీన్లు రొమ్ము క్యాన్సర్‌ను అడ్డుకుంటాయా, దానికి అండగా నిలుస్తాయా?

ప్రశ్న
పంపినవారు: చిత్తూరు కెమిస్ట్రీ మేడమ్

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. మా అక్కకు కొన్ని నెలల క్రితం రొమ్ములో గడ్డ బయటపడింది. తిరుపతిలో శస్త్రచికిత్స చేశారు. ఇప్పుడు మూడు వారాలకు ఒకసారి కీమోథెరపీ కోసం వెళ్ళి వస్తున్నాము. ఒంట్లో శక్తి రావాలని మా బావగారు ఎవరో చెప్పిన మాట మీద యాంటీఆక్సిడెంట్ క్యాప్సూళ్ళు తెచ్చి ఇస్తున్నారు. డబ్బా వెనుక చూస్తే రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం అని రాసి ఉంది.

నేను కెమిస్ట్రీ చదువుకున్న దానిని కనుక ఇంట్లో అందరూ నన్నే అడుగుతున్నారు. సెలీనియాన్ని 1817లో స్వీడన్ దేశస్థుడు బెర్జీలియస్ గుర్తించాడనీ, ఆవర్తన పట్టికలో అది గంధకానికి సరిగ్గా కింది గదిలో ఉంటుందనీ తరగతిలో చెప్పగలను గాని, శరీరంలో అది చేసే పని గురించి నాకు తెలిసినది తక్కువ. చదివిన వ్యాసాలలో కొన్ని, సెలీనియంతో తయారయ్యే ప్రోటీన్లు కణాలను క్యాన్సర్ బారిన పడకుండా కాపాడతాయని అంటున్నాయి. మరికొన్ని అవే ప్రోటీన్లు గడ్డలోని కణాలకు కవచంలా పనిచేస్తాయని, వాటిని అణచివేసే మందుల కోసం వెతుకుతున్నారని అంటున్నాయి. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? ఈ క్యాప్సూళ్ళను కొనసాగించాలా, మానాలా అన్నది డాక్టరుగారినే అడుగుతాను. కాని అడగబోయే ముందు విషయం నాకు అర్థం కావాలి. దయచేసి కొంచెం లోతుగానే చెప్పండి.

సమాధానం 1
పంపినవారు: జీవరసాయన విద్యార్థి, తిరుపతి

మేడమ్ గారూ, మీరు చదివిన రెండు మాటలూ నిజమే. గడ్డ ఇంకా పుట్టని కణం గురించి ఒకరు రాశారు, గడ్డగా మారిపోయిన కణం గురించి మరొకరు రాశారు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాను చెప్పకుండా రాయడం వల్లనే చదివేవారికి తికమక కలుగుతోంది.

మీరు రసాయనశాస్త్రం వారు కాబట్టి మూలం నుంచి మొదలుపెడతాను. మన శరీరంలో సెలీనియం అసలు పని చేసేది సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం రూపంలో. ఇది సిస్టీన్ లాంటిదే, గంధకం ఉండవలసిన చోట సెలీనియం ఉంటుంది. మామూలు సిస్టీన్‌లో గంధకం ఉన్న థయోల్ సమూహపు పీకేఏ విలువ (హైడ్రోజన్‌ను ఎంత తేలికగా వదులుతుందో చెప్పే అంకె, తక్కువైతే అంత తేలిక) 8.3 దగ్గర ఉంటే, సెలీనోసిస్టీన్‌లో సెలీనియం ఉన్న సెలీనాల్ సమూహానిది 5.2 దగ్గర ఉంటుంది. అంటే కణంలోని సాధారణ పీహెచ్ వద్ద సిస్టీన్ చాలావరకు హైడ్రోజన్‌ను అంటిపెట్టుకుని ఉండగా, సెలీనోసిస్టీన్ దాన్ని వదిలేసి రుణావేశంతో చర్యకు సిద్ధంగా ఉంటుంది. పెరాక్సైడ్లను క్షణాలలో విచ్ఛిన్నం చేయవలసిన ఎంజైములు గంధకంతో సరిపెట్టుకోకుండా సెలీనియాన్ని వాడుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

దీన్ని 1976లో థ్రెస్సా స్టాడ్‌మాన్ బృందం ఒక బాక్టీరియా ప్రోటీన్‌లో గుర్తించింది. ఆ తరువాత పదేళ్ళకు అసలు వింత బయటపడింది. సెలీనోసిస్టీన్‌ను సూచించే జన్యు సంకేతం యూజీఏ. మామూలుగా ఆ మూడు అక్షరాలు ప్రోటీన్ నిర్మాణాన్ని ఆపివేయమనే గుర్తు. రేణిగుంట జంక్షన్ దగ్గర సిగ్నల్ ఎర్రగా ఉన్నా స్టేషన్ మాస్టరు రాతపూర్వకంగా అనుమతిస్తే బండి దాటి వెళ్ళినట్లు, ఆర్‌ఎన్‌ఏ చివరి భాగంలో ‘సెసిస్’ అనే ప్రత్యేకమైన మడత ఒకటి ఉంటే, ప్రోటీన్లను కూర్చే రైబోజోమ్ అక్కడ ఆగకుండా సెలీనోసిస్టీన్‌ను చేర్చి ముందుకు సాగుతుంది. మానవ జన్యువులలో ఇలాంటి ప్రోటీన్లను, అంటే సెలీనోప్రోటీన్లను, తయారుచేసేవి 25 ఉన్నాయని 2003లో లెక్క తేల్చారు. సెలీనియం చాలనప్పుడు శరీరం ఈ ఇరవై ఐదింటినీ సమానంగా చూడదు. పెరాక్సైడ్లను విచ్ఛిన్నం చేసే జీపీఎక్స్ కుటుంబపు ఎంజైములలో ముందుగా జీపీఎక్స్1 వంటివి తగ్గిపోతాయి, జీపీఎక్స్4 వంటివి చివరిదాకా నిలుస్తాయి. ఇంట్లో బియ్యం తక్కువైతే ముందు ఎవరికి వడ్డించాలో అమ్మ నిర్ణయించినట్లే.

ఇక రొమ్ము కణజాలం సంగతి. జీపీఎక్స్1, అంటే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ 1, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా మారుస్తుంది. అది తగినంత లేకపోతే పెరాక్సైడ్ డీఎన్‌ఏను దెబ్బతీసే అవకాశం పెరుగుతుంది. ఎలుకల రొమ్ము కణాలలో మాత్రమే సెలీనోసిస్టీన్‌ను మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ జన్యువును తీసివేసి, అంటే ఆ కణాలకు సెలీనోప్రోటీన్లు అందకుండా చేసి, తరువాత డీఎంబీఏ అనే క్యాన్సర్ కారకాన్ని ఇచ్చి చూశారు. 2012లో వెలువడిన ఆ ప్రయోగంలో అలాంటి ఎలుకలకు రొమ్ము గడ్డలు ఎక్కువగా వచ్చాయి. సెలీనియం అనే మూలకానికీ సెలీనోప్రోటీన్లకూ మధ్య తేడాను విడదీసి చూపిన ప్రయోగం కనుక నా దృష్టిలో ఇది చాలా విలువైనది.

ఎందుకంటే, అంతకు ముందే క్లెమెంట్ ఇప్ అనే శాస్త్రవేత్త ఎలుకలకు అధిక మోతాదులో సెలీనియం ఇచ్చి రొమ్ము గడ్డలను తగ్గించగలిగారు. ఆ మోతాదు దగ్గర సెలీనోప్రోటీన్లు అప్పటికే తమ గరిష్ఠ స్థాయికి చేరుకుని ఉంటాయి, ఇంక పెరగవు. కాబట్టి అక్కడ గడ్డలను తగ్గించినది ప్రోటీన్లు కావనీ, శరీరంలో తయారయ్యే మిథైల్ సెలీనాల్ వంటి చిన్న అణువులనీ ఆయన, ఆయన సహచరులు వాదించారు. ఆ మోతాదు మనుషులకు క్షేమంగా పనికివస్తుందని మాత్రం ఎలుకల మీది ఆ ప్రయోగాలు చెప్పవు. ‘సెలీనియం క్యాన్సర్‌ను ఆపింది’ అని ఎక్కడ చదివినా, ఎంత మోతాదుకు, ఏ రూపంలో అన్న రెండు ప్రశ్నలు వేసుకోకుండా ముందుకు వెళ్ళకూడదు.

జీపీఎక్స్1 జన్యువులో ఇంకొక మలుపు ఉంది. కొందరిలో ఆ ఎంజైములోని 198వ స్థానంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే మరికొందరిలో ల్యూసీన్ ఉంటుంది. 2003లో అమెరికాలో హూ, డైమండ్ అనే పరిశోధకులు ఎంసీఎఫ్-7 కణాలలో ఈ రెండు రకాలనూ పెట్టి చూశారు. ఎంసీఎఫ్-7 అంటే ఒక రోగి నుంచి 1970ల మొదట్లో సేకరించి నేటికీ పెంచుతున్న రొమ్ము క్యాన్సర్ కణాల పరంపర. వీటిలో సహజంగా జీపీఎక్స్1 దాదాపు ఉండదు కనుక ఈ పరీక్షకు బాగా సరిపోయాయి. సెలీనియం పెంచినప్పుడు ల్యూసీన్ రకం ఎంజైము, ప్రోలీన్ రకం కంటే తక్కువగా స్పందించింది. రొమ్ము గడ్డలలో ఈ జన్యువు రెండు ప్రతులలో ఒకటి పోవడం కూడా వారు గమనించారు. ఇది చూసి ల్యూసీన్ ఉన్నవారికి ముప్పు ఎక్కువని తేలిపోయినట్లే అనుకున్నారు చాలామంది. కాని అమెరికా నర్సుల అధ్యయనంలో ఆ సంబంధం కనిపించలేదు, డెన్మార్క్ అధ్యయనంలో కనిపించింది. అందుచేత ఈ ఒక్క మార్పును చూసి ఎవరికీ జాతకం చెప్పలేము.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. క్యాన్సర్ కణం వేగంగా విభజన చెందుతుంది, దాని లోపల పెరాక్సైడ్ల ఉత్పత్తి కూడా ఎక్కువ. ఆ మంటలో తాను కాలిపోకుండా ఉండాలంటే దానికి కూడా ఈ ఎంజైములే కావాలి. థయోరెడాక్సిన్ రిడక్టేజ్ 1 అనే సెలీనోప్రోటీన్‌ను తీసుకోండి. ఇది థయోరెడాక్సిన్‌ను మళ్ళీ మళ్ళీ పనికి సిద్ధం చేస్తుంది. ఆ థయోరెడాక్సిన్, డీఎన్‌ఏకు ముడిసరుకు తయారుచేసే రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్‌కు ఎలక్ట్రాన్లు అందిస్తుంది. మామూలు కణానికి ఇది రక్షణ, గడ్డకు ఇది ఇంధనం. కీళ్ళవాతానికి 1985లో అమెరికాలో అనుమతి పొందిన ఆరనోఫిన్ అనే బంగారు సమ్మేళనం ఈ ఎంజైములోని సెలీనియాన్ని పట్టుకుని దాన్ని పని చేయకుండా చేస్తుంది. అందుకే ప్రయోగశాలల్లో దాన్ని క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తున్నారు.

జీపీఎక్స్4 కథ ఇంకా కొత్తది. ఇది కణపు పొరలోని కొవ్వు పెరాక్సైడ్లను శుభ్రం చేస్తుంది. దీన్ని ఆపివేస్తే ఇనుము సాయంతో పొర ఆక్సీకరణ చెంది కణం చనిపోతుంది. ఆ మరణానికి 2012లో ‘ఫెరాప్టోసిస్’ అని పేరు పెట్టారు. చికిత్సలకు లొంగని స్వభావానికి మారిన క్యాన్సర్ కణాలు ప్రత్యేకించి జీపీఎక్స్4 మీద ఆధారపడతాయని 2017లో వచ్చిన పరిశోధనలు చూపాయి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 అనే మూడు గ్రాహకాలూ లేని ట్రిపుల్ నెగటివ్ రకం రొమ్ము క్యాన్సర్ కణాలలో కూడా ఈ బలహీనత మీద ఆసక్తి పెరిగింది. రోగులకు వాడుకలోకి వచ్చిన మందు దశకు అది ఇంకా చేరలేదు.

ప్రశ్న అడిగినవారి వ్యాఖ్య
పంపినవారు: చిత్తూరు కెమిస్ట్రీ మేడమ్

చాలా ధన్యవాదాలండీ. పీకేఏ సంగతి చదివాక విషయం చప్పున పట్టుబడింది, అది రేపటి పాఠంలోకి కూడా వెళ్తుంది. ఇంకొక సందేహం. క్యాన్సర్ వచ్చిన తరువాత ఈ ప్రోటీన్లు గడ్డకు అండగా ఉంటాయంటే, రోగి రక్తంలో ఇవి తక్కువగా ఉండటమే మంచిదని అర్థమా? అలాగైతే సెలీనియం ఉన్న ఆహారం కూడా మాన్పించాలా?

సమాధానం 2
పంపినవారు: జీవరసాయన విద్యార్థి, తిరుపతి

అలా అర్థం చేసుకోకండి. మనుషులలో కనబడినది దానికి విరుద్ధంగా ఉంది. స్వీడన్‌లో రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయిన సుమారు 2,000 మంది మహిళల రక్తంలో మూడు కొలతలు తీసి, వారిని కొన్నేళ్ళు గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. ఆ మూడు కొలతలు ఏమిటంటే మొత్తం సెలీనియం, రక్తంలో తిరిగే జీపీఎక్స్3 అనే ఎంజైము, సెలీనోప్రోటీన్ పి. చివరిది కాలేయంలో తయారై సెలీనియాన్ని మిగతా అవయవాలకు చేరవేసే వాహకం, ఒక్క అణువులోనే పది దాకా సెలీనోసిస్టీన్లు ఉంటాయి. ఈ మూడూ తక్కువగా ఉన్నవారిలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించింది. మూడూ కలిసి తగ్గినవారి పరిస్థితి అందరికంటే అధ్వానం.

దీన్ని చదివి వెంటనే మాత్రల కోసం పరుగెత్తకూడదు. జబ్బు ముదిరినవారిలో, సరిగా తినలేనివారిలో, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎక్కువగా ఉన్నవారిలో ఆ కొలతలు జబ్బు వల్లనే తగ్గిపోవచ్చు. తక్కువ ఉండటం ఫలితమో, కారణమో గమనించినంత మాత్రాన తేలదు. మాత్ర ఇచ్చి పెంచితే ప్రాణాలు నిలుస్తాయా అన్నది వేరే ప్రశ్న, దానికి ఆ అధ్యయనంలో జవాబు లేదు. నా అభిప్రాయం అడిగితే, లోటు ఉండనీయకూడదు, అవసరానికి మించి పోయనూ కూడదు.

సమాధానం 3
పంపినవారు: మందుల లెక్క

నేను తిరుపతిలో క్యాన్సర్ రోగులకు మందులు సిద్ధం చేసే ఫార్మసిస్టును. పై సమాధానంలో ప్రోటీన్ల గురించి చెప్పినది చాలు, నేను డబ్బా మీది అంకె గురించి మాత్రమే మాట్లాడతాను.

భారత వైద్య పరిశోధన మండలి పెద్దలకు సూచించిన సెలీనియం రోజుకు 40 మైక్రోగ్రాములు. అమెరికా వారి సిఫారసు 55. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దలకు గరిష్ఠ పరిమితిని 255గా నిర్ణయించింది. మీ క్యాప్సూల్ ఒక్కటే 200 ఇస్తోంది. దాని మీద ఆహారం నుంచి వచ్చేది కలుస్తుంది. ‘బలం కోసం’ ఇంకేదైనా మల్టీవిటమిన్ కూడా ఇస్తున్నారేమో చూడండి, అందులోనూ సెలీనియం ఉంటే ఈ ఐరోపా పరిమితి దాటిపోవడానికి ఎంతో సేపు పట్టదు.

ఈ 200 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మంచిది. అమెరికాలో చర్మ క్యాన్సర్ వచ్చిన 1,312 మందికి రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఉన్న ఈస్ట్ ఇచ్చిన పరీక్ష ఫలితాలు 1996లో వచ్చాయి. చర్మ క్యాన్సర్ తగ్గలేదు గాని, మొత్తం క్యాన్సర్లు, ప్రత్యేకించి ప్రోస్టేట్ క్యాన్సర్, తగ్గినట్లు కనిపించింది. ఆ ఆశతో 35,000 మందికి పైగా పురుషులతో సెలెక్ట్ అనే పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. ప్రయోజనం కనిపించక 2008లో మాత్రలు ఆపించారు. మొదటి పరీక్షలో పాల్గొన్నవారిని మరికొంత కాలం గమనించగా, ముందే రక్తంలో సెలీనియం ఎక్కువగా ఉండి, ఆపై మాత్ర తీసుకున్నవారిలో మధుమేహం ఎక్కువైంది. డబ్బాల మీద 200 అన్న అంకె మాత్రం అలాగే నిలిచిపోయింది. రొమ్ము క్యాన్సర్ విషయానికి వస్తే, 62,000కు పైగా అమెరికా నర్సుల కాలిగోళ్ళను సేకరించి వాటిలో సెలీనియాన్ని కొలిచిన అధ్యయనం 1990లో వచ్చింది. గోళ్ళలో సెలీనియం ఎక్కువ ఉన్నవారికి రొమ్ము క్యాన్సర్ తక్కువగా ఏమీ రాలేదు.

కీమోథెరపీ నడుస్తున్నప్పుడు సంగతి ఇంకా సున్నితం. డోక్సోరూబిసిన్ వంటి మందులు, రేడియేషన్ కూడా, క్యాన్సర్ కణాలను చంపడంలో కొంత భాగం ఆక్సీకరణ దెబ్బ ద్వారానే చేస్తాయి. ఆ సమయంలో యాంటీఆక్సిడెంట్లు పోస్తే మందు పని తగ్గుతుందేమో అన్నది చాలాకాలంగా ఉన్న భయం. 2020లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, రొమ్ము క్యాన్సర్ కీమోకు ముందూ, కీమో సమయంలోనూ విటమిన్ ఎ, సి, ఇ, కెరోటినాయిడ్లు, కోఎంజైమ్ క్యూ10 వంటివి వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం కాస్త ఎక్కువగా కనిపించింది. గణాంకాల పరంగా ఆ తేడా గట్టిగా నిలబడలేదు, పై జాబితాలో సెలీనియం లేదు కూడా. అయినా మీ డబ్బాలో సెలీనియంతో పాటు ఈ విటమిన్లు కూడా ఉండే ఉంటాయి కనుక చెబుతున్నాను. డబ్బాను సంచిలో పెట్టుకుని నేరుగా డాక్టరుగారికి చూపించండి. పేరు నోటితో చెబితే సరిపోదు, ఒకే పేరు మీద రెండు మూడు రకాల మిశ్రమాలు దొరుకుతున్నాయి.

సమాధానం 4
పంపినవారు: పలమనేరు అమ్మ

నాకు చదువు తక్కువ, మా అబ్బాయి టైపు చేస్తున్నాడు. నాకు ఆరేళ్ళ కిందట ఇదే జబ్బు వచ్చి నయమైంది. అప్పట్లో మా చుట్టాలు ఒకరు తెచ్చిన బలం మందు నేను డాక్టరుకు చెప్పకుండా మూడు నెలలు వాడాను. జుట్టు కీమో వల్ల ఎలాగూ రాలింది. గోళ్ళు పెళుసెక్కి విరిగిపోతుంటే అది కూడా కీమో వల్లే అనుకున్నాను. చివరకు నర్సమ్మ నా సంచిలో డబ్బా చూసి డాక్టరుకు చూపించింది, ఆయన మందు ఆపించారు. గోళ్ళు దేనివల్ల పాడయ్యాయో నేను చెప్పలేను. మేడమ్ గారూ, మీ అక్కకు ఏమి ఇచ్చినా డాక్టరుకు తెలిసి ఇవ్వండి.

సమాధానం 5
పంపినవారు: మందుల లెక్క

అమ్మా, మీరు చెప్పినది చాలా ముఖ్యమైన సంగతి. సెలీనియం మోతాదు మించితే మొదట కనబడేవి జుట్టు రాలడం, గోళ్ళు పెళుసెక్కడం, వికారం, విరేచనాలు, ఊపిరిలో వెల్లుల్లి వాసన. వెల్లుల్లి వాసన ఒక్కటి తప్ప మిగతావన్నీ కీమోథెరపీ వల్ల కూడా వస్తాయి. డోసిటాక్సెల్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు గోళ్ళను పాడుచేయడం మేము తరచుగా చూస్తాము. అంటే మామూలు మనిషిలో వెంటనే గుర్తుపట్టగలిగే విషలక్షణాలు కీమో తీసుకునే రోగిలో చాటున ఉండిపోతాయి. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప పోషకంలో తయారీ పొరపాటున ఉండవలసిన దానికి సుమారు 200 రెట్లు సెలీనియం పడి, 200 మంది దాకా అస్వస్థులయ్యారు. ఆ డబ్బా మీద కూడా అంకె సక్రమంగానే ముద్రించి ఉంది.

సమాధానం 6
పంపినవారు: జీవరసాయన విద్యార్థి, తిరుపతి

మేడమ్ గారు ఆహారం గురించి అడిగినదానికి జవాబు మిగిలిపోయింది. చేపలు, గుడ్లు, కోడిమాంసం, ముడి ధాన్యాలు, పప్పుల నుంచి సెలీనియం అందుతుంది, అవి మాన్పించవలసిన పని లేదు. మన రాగి సంగటిలో, చెనిక్కాయల ఊరుబిండిలో ఎంత ఉంటుందంటే మాత్రం ఒక్క అంకెతో చెప్పడం సరికాదు, ఎందుకంటే మొక్కలో సెలీనియం ఎంత చేరుతుందన్నది అది పెరిగిన నేలను బట్టి ఉంటుంది. చైనాలోని కెషాన్ ప్రాంతంలో నేలలో సెలీనియం లేక గుండె జబ్బులు వచ్చాయి. మన దేశంలోనే పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పుర్ ప్రాంతాల్లో కొన్ని గ్రామాల నేలలో అది మితిమీరి ఉండటం వల్ల పశువులకు గిట్టలు ఊడిపోయాయి, మనుషులకు జుట్టు, గోళ్ళు దెబ్బతిన్నాయి. రెండు చోట్లా పొలం పంటే తిన్నారు.

రక్తపరీక్ష చేయించాలనుకుంటే ఒక జాగ్రత్త. ప్రయోగశాల ఇచ్చే మొత్తం సెలీనియం అంకెలో సెలీనోమిథియోనిన్ కూడా కలిసి ఉంటుంది. క్యాప్సూళ్ళలో తరచుగా వాడే రూపం అదే. శరీరం దాన్ని మామూలు మిథియోనిన్ అనుకుని, యూజీఏ గీజీఏ ఏమీ అక్కరలేకుండా, ఆల్బుమిన్ వంటి ఏ ప్రోటీన్‌లోనైనా దొరికిన చోట ఇరికిస్తుంది. అది నిల్వ మాత్రమే, ఎంజైముగా పని చేయదు. మాత్ర మింగిన కొద్దీ ఆ అంకె పెరుగుతూ పోతుంది గాని, సెలీనోప్రోటీన్ పి మాత్రం ఒక స్థాయి దాటాక ఆగిపోతుంది. ఆ అంకె పెరిగిందని సంతోషించే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారి వ్యాఖ్య
పంపినవారు: చిత్తూరు కెమిస్ట్రీ మేడమ్

నిన్న కీమో రోజు కావడంతో డబ్బాను వెంట తీసుకువెళ్ళాము. డాక్టరుగారు వెనుక వైపు మొత్తం చదివి, సెలీనియంతో పాటు విటమిన్ ఇ, సి కూడా ఉన్నాయని చూపించి, చికిత్స అయ్యేదాకా ఆపమన్నారు. ఆహారంలో గుడ్డు, పప్పు పెంచమన్నారు. బావగారు కొంచెం నొచ్చుకున్నారు, వంద క్యాప్సూళ్ళ డబ్బా మరి. పలమనేరు అమ్మగారి మాట మా అక్కకు చదివి వినిపించాను. తన గోళ్ళు ఒకసారి చూసుకుని, ‘ఇవి బాగానే ఉన్నాయి లేవే’ అంది.